వాడని బెల్టు

దేవేంద్ర నగర్‌లో అచ్చయ్య తన పాత అంబాసిడర్‌ని రోజూ పొద్దున్నే తుడుస్తాడు. ముందు తడిగుడ్డ, తరవాత పొడిగుడ్డ, ఆఖరికి వేలికి లుంగీ కొస చుట్టుకుని అద్దాల అంచులు. ఆదివారాలు శంకర్ నగర్ దాకా పోనిచ్చి, ఇంజను వేడెక్కకముందే వెనక్కి తిప్పేస్తాడు. కారు కొన్ననాడు పార్వతమ్మకి కన్యాకుమారి చూపిస్తానన్నాడు. ఆవిడ అడగడం ఎప్పుడో మానేసింది.

అలాంటిది ఎదురింటి దానియేలు, అంతకంటే పాత అంబాసిడర్‌కి ఊగిసలాడే తలుపు తాడుతో కట్టి, భార్య సుశీలను ఎక్కించుకుని కన్యాకుమారికే బయల్దేరాడు. అచ్చయ్య తన డిక్కీలో దాచుకున్న కొత్త ఫ్యాన్ బెల్టు తెచ్చిచ్చాడు. "ఉంచు భాయ్. దార్లో నీ బండికి పక్కా పనికొస్తాది." వీధంతా ఆయన మంచితనాన్ని మెచ్చుకుంది. ఆయన మాత్రం ఫోను మోగినప్పుడల్లా, బండి ఎక్కడో ఆగిపోయిందన్న కబురేమోనని ఆశగా ఎత్తాడు.

బండి ఒళ్లంతా మట్టితో తిరిగొచ్చింది. దానియేలు బెల్టు చేతిలో పెట్టాడు. "బిల్‌కుల్ అవసరం పడలేదన్నయ్యా. సముద్రం ఒడ్డున డిక్కీ సర్దుతుంటే ఇసకలో పడింది, ఏమనుకోకండి."

అచ్చయ్య నవ్వాడు. ఇంట్లోకొచ్చి, ఇసక అంటుకునున్న బెల్టు తిప్పి చూశాడు. తన కారు చూడని సముద్రాన్ని ఇది చూసొచ్చింది. పొడిగుడ్డ అందుకున్నాడు.

పార్వతమ్మ వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. "కన్యాకుమారి ఇసకంట కదా? ఏదండీ, ఓపాలి నన్నూ సూడనీండి."

అప్పటికే ఒక్క రేణువు మిగలకుండా తుడిచేశాడు.