కంపెనీ పిస్టనా, రేసు పిస్టనా?

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మా మేనత్త కొడుకు, అంటే మా బావ, నేను కలిసి ఒక పాత టూస్ట్రోక్ బండి కొన్నాం. వారమంతా అది నాది. మేడ్చల్‌లో మా ఇంటి నుంచి శామీర్‌పేట దగ్గరున్న మందుల ఫ్యాక్టరీకి దాని మీదే డ్యూటీకి పోయేవాణ్ణి. ఆదివారం మాత్రం బావది. ఆయన శామీర్‌పేటలో ప్లాట్లు అమ్మిపెట్టేవాడు. ఇంకా ఎవరూ ఇల్లు కట్టని ఒక వెంచర్‌లో, హద్దురాళ్ల మధ్య మట్టిరోడ్ల మీద, చుట్టుపక్కల వాళ్లు బండ్లతో పందెం పెట్టుకునేవారు. గెలిచినవాడికి మిగతావాళ్లు బిర్యానీ తినిపించాలి. పందెమంటే అంతే.

ఒకరోజు డ్యూటీకి పోతుంటే బండి గుంజడం మానేసింది. వెనక పొగ కమ్మింది. మేడ్చల్‌లో మా బండ్లన్నీ చూసే మెకానిక్‌ను భాయ్ అని పిలిచేవాళ్లం. ఆయన ఇంజన్ విప్పి, బోరంతా, అంటే పిస్టన్ ఆడే సిలిండర్ లోపలి గోడంతా, గీతలు పడ్డాయని వేలితో తడిమి చూపించాడు.

"బోర్ కొట్టియ్యాలె తమ్మీ. పెద్ద సైజు పిస్టన్ ఎయ్యాలె."

సంగతి తెలిసి బావ శామీర్‌పేట నుంచి హుషారుగా వచ్చాడు. "ఎట్లాగూ ఇప్పినం గద. పోర్టులు జర పెద్దగ తెరిపిద్దాం, కార్బురేటర్ మారుద్దాం. గీసారి నా ముందల ఎవ్వడు నిలవడు," అన్నాడు. పోర్టులంటే సిలిండర్ గోడకు గాలీ పొగా పోయే కంతలు. నేను సరేనన్నాను. చిక్కంతా పిస్టన్ దగ్గర వచ్చింది.

బావ ఎవరితోనో చెప్పి కోయంబత్తూరు నుంచి ఒక రేసు పిస్టన్ తెప్పించాడు. మామూలు పిస్టన్లు కరిగించి పోతపోస్తారు. ఇది కాల్చిన లోహాన్ని అచ్చులో నొక్కి చేసింది. ఫోర్జ్‌డ్ అంటారు. అది చాలదన్నట్టు భాయ్ దుకాణంలో సరిగ్గా అదే సైజు కంపెనీ పిస్టన్ కూడా ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు రెండూ ఒకేలా మెరిశాయి.

"ఏది ఎయ్యమంటవ్ భాయ్?" అని అడిగాను.

"కంపెనీది బోర్‌ల టైట్‌గ కూసుంటది. సప్పుడు చెయ్యది. కని గట్టిగ గుంజితె నెత్తి కరిగి తూటు పడొచ్చు. రేసుది మస్తు గట్టిది, కరగది. అయితె ఏడెక్కితె ఎక్కువ ఉబ్బుతది. అందుకె బోర్‌ల సందు ఎక్కువ ఇడ్వాలె. పొద్దుగాల సల్లగున్నప్పుడు కటకట కొడ్తది."

"మరి?"

"పందెం ఆడితె రేసుది. డ్యూటీకి పోతె కంపెనీది."

"రెండూ చేస్తం గద భాయ్!"

"గదే పరేషాన్," అని ఆయన ఇంకో బండి వైపు తిరిగాడు.

రెండు పిస్టన్లూ టిఫిన్ సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చాను. బాపుకు ట్రాక్టర్ ఉండేది కాబట్టి ఆయన్ను అడిగాను. "మన ట్రాక్టర్‌కు బయటి పిస్టన్లేస్తే ఒక్క పంటకాలం గూడ ఆగలె. ఎప్పటికైన కంపెనీది కంపెనీదే బిడ్డా," అన్నాడు. కొంచెం కుదుటపడ్డాను. ఇంతలో అమ్మ వంటింట్లోంచి, "నువ్వు ఆయిలే మార్చకపోతివి. పిస్టన్లేం జేస్తయి?" అని బాపును దెప్పింది. నా బుర్ర మళ్లీ మొదటికొచ్చింది.

మర్నాడు సూరారంలో బోరు కొట్టే లేత్ దుకాణానికి పోయాను. సిలిండర్ ఇచ్చి, "కొట్టి పెట్టన్నా, పిస్టన్ సంగతి రేపు చెప్త," అన్నాను. ఆయన సిలిండర్ తిరిగి నా చేతిలోనే పెట్టాడు.

"పిస్టన్ జూడంది బోర్ ఎట్ల కొట్టాలె? దీనికి ఒక సందు, దానికొక సందు. ఒకపారి కొడితె మల్ల ఎనకకు రాదు."

ఎదురుగా ఉన్న ఎస్టీడీ బూత్ నుంచి బావకు ఫోన్ చేశాను. "గింత సోచాయించుడు ఏంది? రేసుదే ఎయ్యి!" అని పెట్టేశాడు. నేను తిరిగొచ్చి సంచిలోంచి రేసు పిస్టన్ తీసి బల్ల మీద పెట్టాను. నాకు నచ్చి పెట్టానా, బావ కసిరాడని పెట్టానా అని బస్సులో కూర్చుని చాలాసేపు ఆలోచించాను. తేలలేదు.

బండి తయారయ్యాక నిజంగానే బాణంలా పోయేది. కానీ పొద్దున కిక్కు కొట్టగానే లోపల ఎవరో సుత్తితో కొట్టినట్టు చప్పుడు. కాసేపటికి వేడెక్కి సద్దుమణిగేది. భాయ్ చెప్పిన చప్పుడు ఇదేనా, ఇంకేమన్నా విరుగుతోందా? రోజూ చెవి పెట్టి వినేవాణ్ణి. ఒకరోజు ఎక్కువనిపించేది, ఒకరోజు తక్కువనిపించేది.

చలికాలంలో ఒక ఆదివారం పొద్దున్నే పందెం. నేనూ వెళ్లాను. బావ మొదటి మలుపు అందరికన్నా ముందు తిరిగాడు. రెండో మలుపు దగ్గర ఇంజన్ ఉన్నట్టుండి పట్టేసింది, పిస్టన్ బోరులో ఇరుక్కుపోయింది. వెనక చక్రం బిగుసుకుని జారింది. బావ ఎగిరి హద్దురాయి పక్కన పడ్డాడు. నేను పరుగెత్తి లేపబోతే భుజం పట్టుకుని అరిచాడు. ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయాం. మెడ కింది ఎముక విరిగింది. అత్త నన్నూ బావనూ కలిపి తిట్టింది.

సిలిండర్ విప్పితే పిస్టన్ చుట్టూ నాలుగు చోట్ల గీరుకుపోయి ఉంది. "సల్లని ఇంజన్‌నే గుంజిండు. సిలిండర్ ఏడెక్కకముందే పిస్టన్ ఉబ్బింది," అన్నాడు భాయ్. "సందు తక్కువైందనకు, నేనైతె సరిగనే కొట్టిన," అన్నాడు సూరారం ఆయన. "కార్బురేటర్‌ల పెట్రోల్ సాలక మస్తు ఏడెక్కింది," అన్నాడు పందెంలో ఇంకొకాయన. బావైతే మంచం మీది నుంచి, "మంచిగ ఏడి చేసినంకనే ఎక్కిన. ఒట్టు," అన్నాడు. అందరూ అంత గట్టిగా చెబుతుంటే ఎవరిది కాదనాలో నాకు తెలియలేదు.

సిలిండర్‌ను ఇంకో సైజు పెంచి బోరు కొట్టే వీలు మిగిలి ఉంది. ఈసారి ఎవరినీ అడగకుండా ఆ సైజు కంపెనీ పిస్టన్ వేయించాను. పాత కార్బురేటర్ మళ్లీ పెట్టించాను. పోర్టులు మాత్రం తెరిచినవి తెరిచినట్టే ఉండిపోయాయి.

భుజం కట్టు విప్పాక బావ బస్సులో మేడ్చల్ వచ్చాడు. బండి తీసుకుని వీధి చివరిదాకా మెల్లగా పోయి వచ్చి దిగాడు.

"సప్పుడు లేదు," అన్నాడు.

"లేదు."

"జోరు గూడ లేదు," అని తాళంచెవి నా చేతిలో పెట్టాడు. అమ్మ ఇచ్చిన చాయ్ తాగి బస్టాండుకు నడిచాడు. ఆ తర్వాత ఆయన పందేలకు పోలేదు. నేను ఆ బండి మీదే ఏళ్లపాటు డ్యూటీకి పోయాను. అది ఒక్కసారీ ఆగలేదు. కంపెనీ పిస్టన్ మంచిదై ఆగలేదా, నేను మెల్లగా నడిపి ఆగలేదా అంటే ఇప్పటికీ చెప్పలేను.