ఓడ గదిలో రెండో పేరు

మొన్న ఆదివారం మా పక్కింటి దంపతులు ఫోను పట్టుకొని మా ఇంటికి వచ్చారు. పెళ్లయి ముప్పై ఏళ్లు నిండుతున్నాయని ఓడ ప్రయాణం చేయాలనుకుంటున్నారట. సూర్యాపేటలో మా వీధి మొత్తానికి ఓడ ఎక్కిన మనిషిని నేనొక్కదాన్నే కాబట్టి సముద్రం గురించి నాకు తెలియనిది ఉండదని వాళ్ల నమ్మకం. కిటికీ గది మంచిదా, బాల్కనీ గది మంచిదా, వాంతులవుతాయా, మన పప్పన్నం దొరుకుతుందా అని వరసపెట్టి అడిగారు. అన్నిటికీ తెలిసినంత చెప్పి, చివరికి నేనొకటి అడిగాను: ఇద్దరిలో ఒకరు రాలేకపోతే ఏమవుతుందో కనుక్కున్నారా అని. ఆయన నవ్వు ఆగిపోయింది. శుభమా అని బయలుదేరుతుంటే ఇదేం మాట అన్నట్టు ఆవిడ నా వైపు చూసింది. చాయ్ తాగి వెళ్లిపోయారు గానీ, ఆ పూటంతా నాకు మా అక్క గుర్తుకొస్తూనే ఉంది.

అక్క అంటే తోడబుట్టినది కాదు. మా బావగారి భార్య, నా తోడికోడలు. ఆత్మకూరు దగ్గరి ఆ ఇంటికి నేను కోడలిగా వచ్చేనాటికే ఆమె అక్కడ నాలుగేళ్ల సీనియరు. ఇంట్లో అరవై గొర్రెలు, రెండు బర్రెలు, మాట తక్కువ మామ, మాట ఎక్కువ అత్త. నాకు టీచరు ఉద్యోగం వచ్చినప్పుడు, కోడలు బడికి పోతే పిల్లలను ఎవరు చూస్తారని మా అత్త అందరి ముందూ నిలదీసింది. దొడ్లో పాలు పిండుతున్న అక్క అక్కడి నుంచే "నేను సూస్త" అన్నది. చర్చ అంతటితో ముగిసింది. నా పిల్లలిద్దరూ ఆమె చంకలోనే పెరిగారు. నా కూతురికి మొదట వచ్చిన మాట అమ్మ కాదు, "మే". గొర్రెపిల్లల సావాసం అట్లాంటిది. సాయంత్రం నేను బస్సు దిగి ఇల్లు చేరేసరికి పిల్లల కాళ్లు కడిగి, అన్నం తినిపించి, నా వాటా చాయ్ పొయ్యి పక్కన వెచ్చగా ఉంచేది. ఇన్నేళ్లలో ఒక్కసారీ నీ పిల్లలను నేను పెంచానని అనలేదు. అని ఉంటే నాకు కొంత తేలికయ్యేది.

అందుకే చిలుకూరు బడిలో రిటైరయ్యాక, నా కోసం నేను చేసే మొదటి పని అక్కతోనే చేయాలనుకున్నాను. అప్పటికి బావగారు పోయారు. ఆమె మిర్యాలగూడలో కొడుకూ కోడలి దగ్గర ఉంటోంది. ఒక పెళ్లి పందిట్లో ఎవరో ఓడ వీడియో చూపిస్తుంటే ఆమె దాన్ని చాలా శ్రద్ధగా చూసింది. సముద్రం మీద ఆమెకు ఆసక్తి లేదు. అక్కడ వంట మనం చేయనక్కర్లేదా అని అడిగింది. అక్కర్లేదన్నాను. ఏం కూర వండమంటారని కూడా ఎవరూ వచ్చి అడగరా అంది. అడగరన్నాను. "అయితే పోదాం" అన్నది. మా ఆయనను పిలవాలన్న ప్రశ్నే రాలేదు. వెనకటికి పెద్దవూర బంధువులతో కలిసి నాగార్జునసాగర్‌లో లాంచీ ఎక్కి, కొండ చేరేదాకా కళ్లు మూసుకొని కూర్చున్న మనిషి ఆయన. నీళ్ల మీద ఐదు రోజులనగానే దండం పెట్టేశారు.

కోదాడ బస్టాండు దగ్గర ఒకామె చిన్న గదిలో బస్సు టికెట్లు, తిరుపతి యాత్రలు, ఈమధ్య ఓడలు కూడా బుక్ చేస్తుంది. చిలుకూరులో పనిచేసిన రోజుల నుంచీ నాకు తెలుసు. అక్క మిర్యాలగూడ నుంచి బస్సులో వచ్చింది, ఆధార్ కార్డును చేతిరుమాలులో నాలుగు మడతల మధ్య పెట్టుకొని. ముంబయి నుంచి బయలుదేరి గోవా, లక్షద్వీప్ చూసి తిరిగొచ్చే ఓడ. కిటికీ ఉన్న గది, రెండు మంచాలు. మొదటి పేరు నాది, రెండో పేరు అక్కది. కార్డులో ఎట్లా ఉందో అట్లాగే ఉండాలని ఏజెంటు ఒక్కొక్క అక్షరమూ పైకి చదివి కొడుతుంటే, తన పేరు ఇంత పొడుగని అక్కకు అప్పుడే తెలిసినట్టు ముఖం పెట్టింది. ప్రయాణం ఇంకా నాలుగు నెలలు ఉంది. అంత ముందుగా ఎందుకు కొనాలో ఆమెకు అర్థం కాలేదు. గొర్రెల సంతలో అట్లా కొంటే నవ్వుతారట.

ప్రయాణం ఇంకా నలభై రోజులుందనగా మిర్యాలగూడ నుంచి అక్క కోడలు ఫోన్ చేసింది. అత్తమ్మ బట్టలు ఆరేస్తూ కళ్లు తిరిగి పడిపోయిందని, దెబ్బలేవీ తగలలేదని, కానీ పడడం ఇది మొదటిసారి కాదని ఇప్పుడే చెప్పిందని. అంతకుముందు రెండుసార్లు పడి, లేచి, దులుపుకొని, ఎవరికీ చెప్పలేదట. చెబితే ఓడ ఎక్కనివ్వరని. దవాఖానలో ఛాతీకి తీగలు అంటించి, మెడలో ఒక చిన్న డబ్బా వేలాడదీసి, ఒక రోజంతా ఉంచుకొమ్మన్నారు. పాలమ్మే ఆమె అదేమిటని అడిగితే, కొడుకు కొనిపెట్టిన పాటల డబ్బా అని చెప్పిందట. ఆ డబ్బా చెప్పింది మాత్రం వేరే. గుండె అప్పుడప్పుడూ కొట్టుకోవడం మరిచిపోతోంది. ఛాతీలో పేస్‌మేకర్ మిషన్ పెట్టాల్సి రావచ్చు, రాకపోవచ్చు. మందులు మార్చి మూడు వారాలు చూసి చెబుతానన్నాడు డాక్టరు. ప్రయాణం సంగతి అడిగితే, అప్పుడే చెప్పలేనన్నాడు.

నేను ఒక్కదాన్నే కోదాడ వెళ్లాను. ఏజెంటు నేను చెప్పిందంతా విని, కుర్చీ దగ్గరికి జరుపుకొని, పిల్లలకు లెక్క చెప్పినట్టు చెప్పింది.

"మేడమ్ గారూ, గదిలో ఒక పేరు మారకుండా ఉండాలండి, అది మీరు. రెండో పేరు బయల్దేరే ఇరవై రోజుల ముందు దాకా మార్చుకోవచ్చు. ఆ తర్వాత ఆవిడ రాలేకపోతే ఆ మంచం ఖాళీగానే వెళ్తుందండి, గది మొత్తం మీ ఒక్కరి మీదే పడుద్ది. ఇంకోటి, ఓడ ఎక్కేముందు ఆరోగ్యం గురించి రాసిస్తాం కదా, అందులో మాత్రం ఏదీ దాచకండి. నడిసముద్రంలో పెద్దాసుపత్రి ఉండదు కదండీ."

వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను. పేరు మార్చుకునే గడువు ముందు వస్తుంది, డాక్టరు మాట రెండు రోజుల తర్వాత వస్తుంది. ఆ రెండు రోజుల సందులో నేను ఇరుక్కుపోయాను. పేరు కొట్టేస్తే అక్క ఇక లేవదని నేనే రాసిచ్చినట్టు. కొట్టేయకపోతే మంచం వృథా. అక్కను అడగడానికి నోరు రాలేదు. నా అంతట నేనే ఒక తెలివైన పని చేశాననుకున్నాను: నాతో పనిచేసి రిటైరైన స్నేహితురాలిని సిద్ధంగా ఉండమని అడిగి, ఆమె పేరు ఏజెంటుకు చెప్పి వచ్చాను. చివరి రోజుదాకా మార్చవద్దని, కాగితాలు మాత్రం సిద్ధం చేసి పెట్టమని.

మరచిపోయిన సంగతి ఒకటుంది. బుకింగులో రెండో మనిషి ఫోను నంబరు అక్కదే. కొత్త మనిషి ఆధార్ కోసం ఏజెంటు పాపం ఆ నంబరుకే చేసింది. ఆ రోజు నుంచి అక్క నా ఫోను ఎత్తలేదు. మూడు రోజులు చూసి మిర్యాలగూడ బస్సెక్కాను. దారి పొడుగునా ఏం చెప్పాలో కూర్చుకుంటూనే ఉన్నాను. ముప్పై ఏళ్లకు పైగా పిల్లలకు పాఠం చెప్పినదాన్ని, నాలుగు మాటలు కుదరలేదు.

అక్క వరండాలో గోంగూర తెంపుతోంది. కూర్చోమని కళ్లతోనే చెప్పి, ఒక కట్ట నా ముందుకు జరిపింది. ఇద్దరం చాలాసేపు ఆకు తెంపాం. చివరికి ఆమే అన్నది.

"పేరు మార్సుడు తప్పని నేను అంటలేను చెల్లె. మార్సాల్సిందే. కానీ నన్ను తీసేసేటప్పుడు నాకు చెప్పి తియ్యాలె కదా. నేను ఇంకా ఉన్న కదా."

నేను ఏడ్చాను. ఆమె ఏడవలేదు, ఓదార్చనూ లేదు. నేను తెంపినదాంట్లో పుల్లలు ఏరుతూ కూర్చుంది. నా ఏడుపు ఆగాక, "ఇగ ఆ పేరు నేను చెప్త," అన్నది. కోడలి పేరు చెప్పింది.

నిజం చెప్పాలంటే నాకు ఇష్టం లేకపోయింది. ఆ పిల్ల చెడ్డది కాదు. ప్రైవేటు బడిలో చెబుతుంది, ఇంటికొచ్చి జాకెట్లు కుడుతుంది, ఇద్దరు పిల్లలు, మిల్లులో షిఫ్టుల పని చేసే మొగుడు. కానీ ముభావి. పదేళ్లలో మేమిద్దరం కలిపి వంద మాటలు మాట్లాడుకోలేదు. ఐదు రోజులు ఒకే గదిలో ఆ మౌనంతో ఎట్లా? పైగా నేను కొన్నది అక్క కోసం. స్నేహితురాలికి మాట ఇచ్చానని గొణిగాను. ఆమెకు నేను చెప్తానన్నది అక్క. లోపలి నుంచి కోడలు వచ్చి తాను రానంటే రానన్నది. అత్తమ్మను ఎవరు చూస్తారు, పిల్లలకు ఎవరు వండుతారు అని.

"నా కొడుకుకు చేతులు లేవా?" అన్నది అక్క, గోంగూర చేట ఎత్తుకుంటూ.

దొడ్లోంచి "నేను సూస్త" అన్ననాటి గొంతే అది. దాని ముందు మా అత్తే నిలవలేదు, మేమెంత. గడువు రేపనగా కోదాడలో రెండో పేరు మారింది. స్నేహితురాలు నాకు ఫోన్ చేసి, మీ అక్కలాంటి మనిషి మాట్లాడాక కాదనగలనా అన్నది. రెండు రోజులకు డాక్టరు మిషన్ పెట్టాల్సిందేనన్నాడు. వారం తిరక్కుండా పెట్టారు. ఎడమ చెయ్యి భుజం దాటి ఎత్తవద్దని, నెలన్నర దూరప్రయాణాలు వద్దని చెప్పి పంపించారు. అక్క మా ఇద్దరినీ బస్సు దాకా సాగనంపి, కుడి చేయి ఊపింది.

ఓడ మధ్యాహ్నం కదిలింది. అందరూ పైకెక్కి రేవు దూరమవడం చూస్తున్నారు. ఆ పిల్ల మాత్రం, కాసేపు నడుం వాలుస్తాను చిన్నత్తమ్మా అని మంచం మీద ఒరిగింది. నేను ఒక్కదాన్నే పైన నిలబడి, ఒక్కదాన్నే చాయ్ తాగి, ఒక్కదాన్నే భోజనం చేశాను. లోపల కోపం ఉడుకుతోంది. అక్క అయితే ఈపాటికి వడ్డించేవాళ్లందరి ఊళ్లూ, పెళ్లాం పిల్లల వివరాలూ కనుక్కునేదని అనుకుంటూనే ఉన్నాను. రెండు రొట్టెముక్కలు కాగితంలో చుట్టుకొని గదికి వస్తే, పొద్దున కట్టుకున్న చీరలోనే, నోరు కాస్త తెరుచుకొని, చిన్నపిల్లలా నిద్రపోతోంది. లేపబోయి ఆగాను. ఆమె కుడి చేయి మంచం అంచు దాటి చాచి ఉంది, అక్కడ ఎవరిదో కాలు పట్టుకున్నట్టు వేళ్లు ముడుచుకొని.

తెల్లారి కళ్లు తెరుస్తూనే, "అత్తమ్మ లేసిందా?" అని అడిగింది. కిటికీ అవతల నీళ్లు చూశాక గానీ ఎక్కడుందో తెలియలేదు. అప్పుడు చెప్పింది, నేను అడిగాను కాబట్టి. అత్తమ్మ పడిపోయిన నాటి నుంచీ ఆమె మంచం పక్కన కింద పడుకుంటోందట, అత్తమ్మ కాలి మీద ఒక చెయ్యి వేసి. కాలు కదిలితే మెలకువ వచ్చేది. కదలకపోయినా వచ్చేది. మిషన్ పెట్టాక కూడా అలవాటు పోలేదట. ఇవన్నీ చెప్పి, చల్లబడిన రొట్టె తింటూ, జీవితంలో ఇంతసేపు ఎప్పుడూ పడుకోలేదని సిగ్గుపడింది. ఆ తర్వాతి నాలుగు రోజులూ మేం మాట్లాడుకున్నాం. అంత మాటకారి అని నాకెవరూ చెప్పలేదు. లక్షద్వీప్ నీళ్ల రంగు చూసి, ఇట్లాంటి జాకెట్టు గుడ్డ నల్లగొండలో కూడా దొరకదని అన్నది.

తిరిగి మిర్యాలగూడ చేరేసరికి ఇంట్లో మాడిన పప్పు వాసన, అలసిపోయిన కొడుకు, తల దువ్వని పిల్లలు, వీటన్నిటి మధ్యా నిమ్మళంగా కూర్చున్న అక్క. సముద్రం ఎట్లుందని అడుగుతుందనుకున్నాను. కోడలు లోపలికి వెళ్లేదాకా ఆగి, "పిల్ల పండుకున్నదా?" అని అడిగింది. మొదటి రోజు మధ్యాహ్నం పడుకుంటే మర్నాడు లేచిందని చెప్పాను. అక్క తల ఊపింది.

"పండుకోమంటె ఇంట్ల వినదు. కింద పండుకొని నా కాలు పట్టుకుంటది. ఎన్నిసార్లు గుంజుకున్న, మల్ల పట్టుకుంటది. గీ ఇంటికి దూరం పోతేనే ఆమెకు నిద్ర," అన్నది. "నీకు జర కష్టమైంది, నాకు ఎరుకే," అని కూడా అన్నది.

ఏమీ కష్టం కాలేదన్నాను. అది పూర్తిగా అబద్ధం కాదు.

అక్క ఇప్పుడు బాగానే ఉంది. మళ్లీ బుక్ చేయనా అని ఏటా అడుగుతాను. చూద్దాం తియ్ అంటుంది. ఆ పిల్ల మాత్రం వారానికోసారి నాకు ఫోన్ చేస్తుంది, పని ఏమీ లేకపోయినా. ఒకరి కోసమని మనం అట్టిపెట్టుకున్న రోజులను కాలం మనల్ని అడగకుండానే ఇంకొకరి చేతిలో పెడుతుంది. అప్పుడు అది అన్యాయమనిపించింది, ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే ఆ రోజులు ఎవరికి ఎక్కువ అవసరమో దానికే బాగా తెలుసేమో అనిపిస్తోంది.