కాశన్న మగ్గం గుంట

కాలనీలో ఇల్లు లేవగానే కాశన్న మొదట తవ్వింది మగ్గం గుంటే. పొయ్యి ఎక్కడ పెట్టాలని భార్య శివలీల అడిగితే, ముందు నా కాళ్ళకు చోటు చూడనీ అన్నాడు. మీసాలు రాకముందు నుంచి గుంటలో కాళ్ళు పెట్టి నేసిన మనిషి.

మా పాత ఊరు రిజర్వాయరులో మునిగింది. కట్టకు దిగువన కాలనీ ఇచ్చారు. నీళ్ళకు దగ్గరని సంబరపడ్డాం. గుంట తవ్వింది ఎండాకాలంలో. బోరు వేస్తే దుమ్ము లేచే సీమ మాది. నేల కింది నుంచి నీళ్ళొస్తాయని ఎవరనుకుంటారు?

పోయిన ఏడు కట్ట నిండింది. బోర్లు పోశాయి, చీనీ తోటలు పచ్చబడ్డాయి. కాశన్న గుంటలోకి మాత్రం ఊట దిగింది. పొద్దున తోడితే మధ్యాహ్నానికి చీలమండల దాకా వచ్చేది. సిమెంటు పూస్తే పక్క నుంచి ఊరింది. మగ్గం మీది పడుగు దారాలు చెమ్మకు సాగిపోయాయి, కాలి వేళ్ళ సందులు పాచిపోయాయి. గుంట అక్కర్లేని స్టాండు మగ్గం పెట్టుకోమన్నాం. బంధువులింట్లో ఎక్కి చూశాడు కానీ నడుము ఓర్చుకోలేదు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది ఆయన బతుకు. మా పొలాలు పండుతుంటే ఆయన గడప తొక్కాలంటే నాకు సిగ్గేసేది.

పాత ఊళ్ళో ఏటికి కొత్తనీళ్ళు వస్తే గంగమ్మకు చీర వదిలేవాళ్ళం. అది కాశన్న ఇంటి మగ్గం మీదిదే కావాలి, తాతలనాటి ఆనవాయితీ. ఈ ఏడూ కట్ట నిండింది. పెద్దమనిషి వీరేంద్రను ముందు పెట్టుకుని చీర అడగడానికి పోయాం.

కాశన్న గుంట గట్టున కూర్చునున్నాడు. మగ్గం మీద సగం చీర ఉంది, కింద నీళ్ళున్నాయి. మేం అడగ్గానే కత్తెర తీసి పడుగు కత్తిరించాడు. నేసినంత మడిచి వీరేంద్ర చేతిలో పెట్టాడు. దేవతకు సగం చీర ఇస్తారా అని శివలీల అడ్డొచ్చింది.

"మిగిలిన సగం ఆమెనే నేసుకోమనప్పా," అన్నాడు కాశన్న వీరేంద్రతో. "గుంటలో కూసోనుండేది ఇప్పుడు ఆమేగదా."

మేం కట్ట మీద పూజ చేసి తిరిగొచ్చేసరికి గుంట పూడ్చేసి, ఆ పచ్చిమట్టి మీదే చాప వేసుకుని పడుకునున్నాడు.