మా వదినగారి దాలి

మా వదినగారు పోయేరండి. వైశాఖంలో, తెల్లారకట్ల, నిద్రలోనే. కాఫీ పట్టుకెళ్లి పిలిస్తే పలకలేదు. అనాయాస మరణం, పుణ్యాత్మురాలు అన్నారు ఊళ్లోవాళ్లంతా. నేనూ తలూపేను. కానీ ఆవిడకి నేను చేసిన పని ఒకటుంది. అది గుర్తొస్తే అన్నం సహించడం లేదు.

వదినగారంటే మా ఆయనకి అక్కగారు. పెళ్లయిన కొత్తలోనే భర్త పోతే పుట్టింటికి వచ్చేసేరు. నేను కాపరానికి వచ్చేటప్పటికి ఇల్లంతా ఆవిడ చేతిమీదే నడిచేది. మా ఆయన మస్కట్‌లో ఉన్న ఏళ్లలో రాజోలు పక్కనున్న ఈ పల్లెలో మేమిద్దరమే ఉండేవాళ్లం. నాకు నోరెక్కువ. ఆవిడకి లేనే లేదు. ఏం చెప్పినా "ఆయ్" అనేవారు. మా కోనసీమలో ఆయ్ అంటే ఔననే కదండీ. అందుకని, ఆవిడకి అన్నీ సమ్మతమే అనుకున్నాను.

ఆవిడ రోజుల్లో మా ఇంటికి కొట్టునించి వచ్చే సరుకు చాలా తక్కువ. కొబ్బరిచెట్టు ఒక్కటుంటే సంసారం వెళ్లిపోతుందనేవారు. ఆకు పడితే చాలు, అరుగు మీద కూర్చుని కత్తిపీటతో ఈనెలు చీరి చీపుర్లు కట్టేసేవారు. పీచుతో తాడు పేనేవారు, ఆ పీచుతోనే గిన్నెలు తోమేవారు. కుళ్లిన కాయ కూడా పారెయ్యనిచ్చేవారు కారు, దీపానికి నూనె తీద్దామనేవారు. నేను పిసినారితనం అని వెక్కిరిస్తే నవ్వి ఊరుకునేవారు.

అన్నిటికన్నా ఆవిడకి ప్రాణం దాలి. దొడ్లో వంటింటి గోడవార చిన్న గుంట. అందులో పిడకలు పేర్చి, ఊక పోసి, అంటించి, పైన పాలకుండ పెట్టేవారు. మంట రాకూడదు, ఆరిపోనూ కూడదు. పొద్దున్న పెట్టిన పాలు సాయంత్రానికి ఇటికరంగు తిరిగి, మీద అరచెయ్యంత మందాన మీగడ కట్టేవి. రాత్రి పడుకోబోయే ముందు నిప్పుల మీద బూడిద కప్పేవారు. పొద్దున్నే బూడిద తీసి ఎండు కొబ్బరిడొక్క పెట్టి ఊదితే మళ్లీ రాజుకునేది. అగ్గిపెట్టె మా ఇంట్లో దేవుడి దగ్గర తప్ప ఇంకెక్కడా కనపడేది కాదు. చుట్టుపక్కలవాళ్లు పిడక పట్టుకొచ్చి నిప్పడిగేవారు. "నిప్పుకొచ్చినవాళ్లకి చల్లబూడిద చూపించకూడదమ్మాయ్" అనేవారు నాతో.

ఓసారి గోదారి పొంగి మా లంకలన్నీ మునిగేయి. కరెంటు లేదు, గ్యాసుబండి రాలేదు. ఆవిడ దాలిలో నిప్పుల్ని ఇటికల మీదకి ఎత్తుకుని, బురదనీళ్లలో ఇండుపగింజ అరగదీసి తేర్చి, కాచి, వీధివాళ్లందరికీ పోసేరు. చంటిపిల్లలకి పాలు కాచిచ్చేరు. మా వదినగారుంటే కరెంటాఫీసుతో మాకేం పనండీ అని నేను ఊరంతా గొప్పలు చెప్పుకున్నాను. ఆ నోటితోనే తరవాత ఏం చెప్పేనో చూడండి.

మా ఆయన తిరిగొచ్చి ఇల్లు బాగుచేయించేరు. గ్రానైటు గట్టు, దొడ్డంతా టైల్సు. గోడలకి కొత్తరంగు వేస్తే దాలి పొగకి పసుపెక్కిపోతుందని నాకు బెంగ. తాపీమేస్త్రి ఆ గుంట దగ్గర ఆగి ఏం చెయ్యమంటారండీ అని అడిగేడు. నేను వదినగారి వైపు తిరిగి, పూడ్పించేద్దామండీ, మీకూ పని తగ్గుద్ది, హాయిగా రెస్టు తీసుకోండి అన్నాను. ఆవిడ "ఆయ్" అన్నారు.

అని, గుంటలోంచి నిప్పులన్నీ ఓ కుండపెంకులోకి ఎత్తేరు. ఎత్తి, ఎక్కడ పెట్టాలో తెలీక, అది పట్టుకుని దొడ్లో అలా నిలబడిపోయేరు. మేస్త్రి గుంట పూడ్చి చదును చేస్తున్నంతసేపూ నిలబడే ఉన్నారు. నాకు విసుగొచ్చింది. చెయ్యి కాలుతుందండీ, నీళ్లు కొట్టెయ్యండి అన్నాను. దానికీ "ఆయ్" అనే, కుళాయి దగ్గరకెళ్లి ఆర్పేసేరు. నాకు అప్పుడేం అనిపించలేదు. నిజం చెప్తున్నాను, టైల్సు రంగు నప్పిందా లేదా అన్నదే నా గొడవ.

తరవాత పాకెట్ పాలు వచ్చేయి, చీపుర్లు బండి మీద కొన్నాం. ఆవిడకి టీవీ ముందు కుర్చీ వేయించేను. కొన్నాళ్లు ఖాళీచేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. ఆనక పొద్దున్న టిఫినవగానే బయటికి వెళ్లడం మొదలెట్టేరు. కోవెలకాండీ అంటే "ఆయ్" అనేవారు. వయసైంది, భక్తి కుదిరింది, పోన్లే అనుకున్నాను.

పన్నెండోరోజు భోజనాలకి కాలవ అవతల పాలమ్ముకునే ఆవిడ దగ్గర గుండిగ తెచ్చేం. అది తిరిగిచ్చొద్దామని మర్నాడు వెళ్లేను. పెరట్లో దాలి, దాని మీద కుండ. నన్ను చూడగానే ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుంది. రోజూ పొద్దున్నే మా వదినగారు వచ్చి ఆ దాలి వేసి, పిడకలు కొట్టి, భోజనాల వేళకి కాళ్లూ చేతులూ కడుక్కుని ఇంటికొచ్చేవారట. ఊరికే ఎందుకండీ, పాలు పట్టుకెళ్లండంటే తీసుకునేవారు కారట. మీకు తెలుసనుకున్నానండీ అంది.

మా ఇంట్లో కూడా అన్నిటికీ ఆయ్ అంటూ ఇలాగే చేసేవారని, ఏదో ఒకటి అనాలి కదా అని అన్నాను. పాలావిడ ఆశ్చర్యపోయింది.

"ఆయ్ ఏంటండీ బాబూ! ఇక్కడ అన్నీ వద్దులే. ఊక అంత పొయ్యొద్దు, మూత తియ్యొద్దు, నిప్పు కెలకొద్దు. నా దాలి దగ్గరికి నన్నే రానిచ్చేవారు కాదండీ."

వద్దు. ఇన్నేళ్లలో ఆవిడ తన కోసం ఆ మాట అనగా నేను ఒక్కసారీ వినలేదు. ఆయ్ అనేది చిన్నవాళ్లు పెద్దవాళ్లతో అనే మాటండి. నాకన్నా అంత పెద్దావిడ నాకెందుకు అనాలి? తమ్ముడింట్లో ఉంటున్నాననే కదా? పైగా ఆ ఇంట్లో నోరున్నదాన్ని నేను. ఒక్కరోజు కూర్చోబెట్టి, మీకు ఇష్టమేనాండీ అని అడగలేదు. అడిగినా ఆయ్ అనే అందురు. ఆ సంగతైనా నాకు తెలిసుండాలి.

పశువులపాక గోడ నిండా పిడకలున్నాయి. నా చేతివి కావండీ, ఆవిడవే, బాగా ఎండిపోయేయి గానీ పీకబుద్ధి కావట్లేదు అంది పాలావిడ. ఒక్కోదాని మీదా నాలుగు వేళ్లూ అరచెయ్యీ అచ్చుపడి ఉన్నాయి. నేను దగ్గరికెళ్లి ఒకదాని మీద నా చెయ్యి పెట్టేను. వేళ్లు అందలేదు. ఒకే వంటింట్లో ఇన్నేళ్లు మసిలేం, ఆవిడ చెయ్యి నా చేతికన్నా అంత పెద్దదని నాకు అప్పటిదాకా తెలీదు.