నల్లరాతి గోడ పగిలిన వేసవి

మా చేను, చిన్నాయన తోట ఒకే వాలులో ఉండేవి, జఫర్‌గఢ్ దగ్గర. తాత పంచి ఇచ్చినప్పుడు పైభాగం చిన్నాయనకు, దిగువ భాగం మా బాపుకు వచ్చాయి. రెంటికీ మధ్య ఒక నల్లరాయి నేలలోంచి వీపు బయటపెట్టి పొడుగ్గా పడుకొని ఉండేది. దానికి ఎగువన బత్తాయి చెట్లు నడి ఎండాకాలంలోనూ ముదురు పచ్చగా ఉండేవి. దిగువన మా చేనులో ఆముదాలు, కందులు తప్ప ఏమీ నిలిచేవి కావు. బాపు కూడా బత్తాయి పెట్టి చూశాడు. ఆకులు అంచుల నుంచి ఎండుకుంటూ వచ్చి మొక్కలు నిలువునా మాడిపోయాయి. ఒకే మన్ను, ఒకే వాన. చిన్నాయన చేతిలో ఏదో మహిమ ఉందని ఊళ్లో అంటుంటే బాపు ముఖం గట్టిపడేది.

మహిమంతా రాయిది. వాలు మీద ఇంకిన వాననీళ్లు నేల లోపల మెల్లగా కిందికి జారి, గోడలా దిగిన ఆ రాతికి తగిలి ఆగిపోయేవి. ఆ తడే బత్తాయి వేళ్లను బతికించేది. నేను అప్పటికే వరంగల్‌లో వృక్షశాస్త్రం చదువుతున్నా, అంతా అయిపోయాక గానీ ఇది నాకు తట్టలేదు.

ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం ముమ్మరంగా ఉండి కాలేజీలు మూతపడితే ఇంటికి వచ్చాను. ఆ వేసవి ఎండకు కొంగలు చెట్ల మీద నుంచి రాలి పడేవి. మా బావి ఎండింది. బాపు రాయి తొలిచే కంప్రెసర్ ట్రాక్టర్ తెప్పించి, బావి అడుగున నల్లరాతి వైపు రంధ్రాలు కొట్టించి, పేలుడు తోటాలు పెట్టించాడు. చిన్నాయన గట్టు మీదికి వచ్చి ఆ రాయి జోలికి పోవద్దని బతిమాలాడు. నీ తోట నీది, నా బావి నాది అని బాపు అటు తిరిగిపోయాడు.

పేలుడుకు కాళ్ల కింద నేల ఎగిరింది. తలకాయంత రాయి ఒకటి లేచి మా బర్రె నడుము మీద పడింది. అది లేవలేక అరుస్తూనే ఉంది. బాపు దాని వైపు చూడలేదు. రాతి చీలికలోంచి నీళ్లు బుసబుసా వస్తుంటే బావిలోకి దిగి దోసిళ్లతో తాగాడు.

తెల్లారేసరికి ఎగువ తోటలో చిన్నాయన బావి అడుగున బురదే మిగిలింది. ఆయన గడ్డపార పట్టుకొని నేరుగా మా మోటారు దగ్గరికి వచ్చాడు.

"ఆ పగులు మూస్తవా, లేదా?" అని అడిగాడు.

"మూయ," అన్నాడు బాపు.

మొదటి దెబ్బకు బాపు మోచెయ్యి ఎండుకట్టెలా విరిగిన చప్పుడైంది. రెండోది చెవి పక్కన తగిలింది. అమ్మ గడ్డపారను పట్టుకొని వేలాడింది. నేను పిడికెడు దుమ్ము చిన్నాయన కళ్లలో కొట్టి, ఆయన మణికట్టు కొరికాను. నోట్లోకి ఆయన నెత్తురు వచ్చింది. ఆయన నన్ను విసిరికొడితే గట్టు రాయికి తగిలి నా పన్ను ఊడింది.

బాపును ఆటోలో వేసుకొని వరంగల్ దవాఖానకు బయలుదేరాం. దారిలో రాస్తారోకో. వేపచెట్టు నరికి రోడ్డుకు అడ్డం వేశారు, టైర్లు కాలుతున్నాయి. అప్పుడే పోలీసులు దిగి లాఠీలతో మీద పడ్డారు. ఒక లాఠీ మా ఆటో అద్దం పగలగొట్టింది. తల పగిలిన యువకుడొకడు మా ఆటో పట్టుకొని నిలబడి, లోపల బాపును చూశాడు.

"ఎవలు కొట్టిండ్రే? పోలీసోళ్లేనా?"

"నా తమ్ముడు," అన్నాడు బాపు.

లాఠీలు పడుతూనే ఉన్నా అతను నలుగురిని పిలిచి, దుంగను మా ఆటో పట్టేంత పక్కకు జరిపించాడు.

దవాఖానలో పోలీసు వచ్చి అడిగితే, తోటాలు పేలినప్పుడు రాయి తగిలిందని బాపు రాయించాడు. అమ్మ పక్కకు తిరిగి ఏడ్చింది. బాపు విరిగిన చెయ్యి మళ్లీ సాగలేదు.

పగులులోంచి వచ్చిన నీళ్లు మా బావిలోనూ ఆగలేదు. రాయి మా వైపు కూడా చీలింది. నీళ్లు కింది ఒర్రెలోకి, ఆ ఎండిన చిన్న వాగులోకి దారి చూసుకున్నాయి. కొద్ది రోజుల్లోనే రెండు బావులూ ఎండాయి. పైన తోటలో పిందెలు నల్లబడి రాలాయి, బెరడు చిట్లింది, చెదలు పట్టాయి. చిన్నాయన గొడ్డలి తీసుకొని తన చెట్లు తానే కొట్టుకోవడం మొదలుపెట్టాడు. ఆ చప్పుడు మా ఇంటిదాకా వినిపించేది. బాపు అన్నం ముద్ద పట్టుకొని అలాగే కూర్చునేవాడు.

ఒక పొద్దున బాపు ఆ తోటలోకి నడిచాడు. భయంతో నేనూ వెంట పోయాను. చిన్నాయన గొడ్డలి దించాడు.

"కొట్టకురా. వాన పడితె జర చిగురు వెడ్తయేమో," అన్నాడు బాపు.

"పెట్టయ్, అన్నా. నీళ్లు నిలిచే జాగనే పాయె."

బాపు నరికిన కొమ్మలను ఒంటిచేత్తో గట్టు దాకా ఈడవడం మొదలుపెట్టాడు. ఆ తర్వాత వాళ్లు ఎక్కువేమీ మాట్లాడుకోలేదు. రాష్ట్రం వచ్చిన రోజు ఊరేగింపులో ఇద్దరూ నడిచారు, పక్కపక్కన మాత్రం కాదు.

ఇప్పుడు వాలంతా ఒకటే. పైనా కిందా ఆముదాలే, అక్కడక్కడా తుమ్మ. ఆ నీళ్లు పోయిన ఒర్రెలో మాత్రం, మునుపు గడ్డి కూడా మొలవని చోట, ఈత చెట్లు గుంపుగా లేచాయి.