గుర్తు పెట్టని గిన్నెలు

భార్య బ్రైన్‌డెల్ పోయాక ఏడు రోజులూ ఆన్షెల్ యూదుల సంతాప ఆచారం ప్రకారం పొట్టి పీట మీద కూర్చున్నాడు. యెరూషలేములోని ఆ సందులో ఆడవాళ్లు వంతులవారీగా వచ్చారు. అన్నం తెచ్చారు, ఓదార్చారు. పోయేముందు ఇల్లు సర్దిపెడదామని వంటింట్లోని రెండు అల్మరాలూ దులిపి, గిన్నెలన్నీ తోమి, ఒకే బల్ల మీద బోర్లించి వెళ్లారు.

ఆ మర్నాడు ఆన్షెల్ వంటింటి గుమ్మంలో ఆగిపోయాడు. బల్ల మీద ఎనామెల్ గిన్నెలు రెండు ఒక్క తీరుగా ఉన్నాయి. ఒకటి మాంసానిది, ఒకటి పాలది. వాళ్ల ఆచారంలో ఒకదాని అంటు ఇంకొకదానికి తగలకూడదు. ఏది ఏదో అతనికి తెలియదు.

పక్కింటి జెల్డా చెంపలు వాయించుకుంది. "నా మతి మండ! మీ ఇంట్లోనూ మాంసం గిన్నెకు ఎర్ర చుక్కా పాల గిన్నెకు నీలం చుక్కా ఉంటాయనుకున్నాం."

బ్రైన్‌డెల్ చుక్కలు పెట్టేది కాదు. అడిగితే నవ్వేది. "కవలల్ని కన్నతల్లి వాళ్ల నుదుట రంగు పూసుకుంటుందా?"

శుక్రవారం పొద్దున కూతురు హెన్యా పిల్లలతో వచ్చింది. సంగతి విని సంచీ కింద పెట్టలేదు.

"ఈ వంటింట్లో పిల్లలకు పెట్టలేను నాన్నా."

"మీ అమ్మ వంటిల్లే కదే."

"అమ్మ ఉన్నన్నాళ్లూ."

గిన్నెలు రెండూ గుడ్డలో చుట్టుకుని ఆన్షెల్ ఆచారాలు తేల్చి చెప్పే మతగురువు రబ్బీ దగ్గరికి వెళ్లాడు. ఆయన వేలితో అంచు తట్టి చూశాడు.

"ఉత్త ఇనుమైతే సలసల కాగే నీళ్లలో ముంచితే శుద్ధి అయ్యేది. ఈ పూతకు ఆ దారి లేదు. అయినా ఇంటి యజమానివి, నీ ఒక్క మాట చాలు. ఇది మాంసానిదని చెప్పు, నేను ఒప్పుకుంటాను. ఆవిడ వండుతుంటే చూసే ఉంటావు కదయ్యా?"

ఆన్షెల్ నోరు తెరిచాడు. ఎడమచేతి వైపు ఉన్నదాన్ని చూపిస్తే చాలు. గిన్నెలు ఇంటికి వస్తాయి, పిల్లలు అతని బల్ల దగ్గరే తింటారు. పెళ్లయిన నాటినుంచీ ఆమె వంట తిన్నాడు. ఉప్పు తక్కువైతే చెప్పాడు, మారు అడిగాడు. పళ్లెంలోకి చూశాడే గాని ఆమె ఏ గిన్నెలోంచి తీసి పెడుతోందో తలెత్తి చూసిన పూట ఒక్కటీ గుర్తుకు రాలేదు.

"చూడలేదయ్యా."

"బాగా ఆలోచించుకో. నాకేం తొందర లేదు."

"ఎంత ఆలోచించినా అంతే. చూడలేదు."

రబ్బీ తల పంకించి గుడ్డ తానే కప్పాడు.

తిరిగి వస్తూ ఆన్షెల్ సందు చివర చెత్తతొట్టి గట్టు మీద రెండు గిన్నెలనూ దించాడు. గుడ్డ మాత్రం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

హెన్యా తన ఇంటినుంచి కుండా గరిటెలూ పళ్లేలూ తెచ్చి, చీకటి పడి సబ్బాతు విశ్రాంతి మొదలవకముందే మాంసం ఉడికించింది. దీపాలు వెలిగాయి. పిల్లలు బల్ల చుట్టూ చేరారు. ఆమె వడ్డించబోతే, ఆన్షెల్ కుర్చీ వదిలి వచ్చి పొయ్యి పక్కన నిలబడ్డాడు.

"ఏం కావాలి నాన్నా?"

"ఏమీ వద్దు. చూస్తున్నా."

"ఇప్పుడా?" అంది హెన్యా. ఆపైన పళ్లెం అందుకుంది.