ఇరవై ఎనిమిదేళ్ల మర్యాద

అంబాజీపేట కొబ్బరి మార్కెట్టు దాటి కాలవ గట్టున నాలుగడుగులు వేస్తే త్రిమూర్తులుగారి రేకుల షెడ్డు వస్తుంది. దానికి బోర్డు లేదు. ఆ అవసరమూ ఎప్పుడూ రాలేదు. కొబ్బరికాయలు మోసే సైకిలు ఎక్కడ చేస్తారని కొత్తపేటలో అడిగినా, రాజోలులో అడిగినా, చెయ్యి ఈ వైపే చూపిస్తారు. మామూలు సైకిలు మీద వంద కాయలు వేస్తే ఆర్నెల్లలో దాని నడుము వంగిపోతుంది. త్రిమూర్తులుగారు గొట్టాలు కోసి, ఆకురాయి పట్టి, ఇత్తడి కరిగించి అతికిన ఫ్రేము మీద రెండొందలు వేసినా కిక్కురుమనదు.

అలాంటి మనిషి అరవై తొమ్మిదో ఏట షెడ్డు మూసేస్తున్నానని ప్రకటించారు. ప్రకటించారనే అనాలి మరి. టీ కొట్టు బల్ల మీంచి లేచి నిలబడి, గొంతు సవరించుకుని చెప్పారాయన. మోపెడ్లు వచ్చాక సైకిలు చేయించుకునేవాళ్లు ఏడాదికి ముగ్గురో నలుగురో మిగిలారు. కంటికి ఆపరేషనయ్యాక డాక్టరుగారు మంట వంక చూడొద్దన్నారు. ఇక కాంతమ్మగారు, అంటే ఆయన భార్య, ఈ మాట పదేళ్ల నుంచీ చెబుతూనే ఉన్నారు గానీ ఆవిడ డాక్టరు కాదు కదా.

మూసేస్తున్నందుకు ఆయనకు దిగులేమీ లేదు. పైగా కొత్త పెళ్లికొడుకులా తిరిగారు. ఎందుకంటే చెప్పుకోవడానికి ఆయన దగ్గర ఒక మాట ఉంది.

"నలభై నాలుగేళ్లండీ. బాగోలేదని ఒక్క ఫ్రేమూ తిరిగి రాలేదు."

ఈ మాట ఆయన రోజుకి ఒకసారైనా అనకపోతే అన్నం అరిగేది కాదు. ఆయన "నలభై నాలుగేళ్లండీ" అనగానే మిగతాది కాంతమ్మగారు వంటింట్లోంచి పూర్తి చేసేవారు. కొబ్బరి వ్యాపారి సుబ్బరాజుగారికి ఆ మాట ఎంత నచ్చిందంటే, ఆదివారం నాడు షెడ్డు ముందు సన్మానం ఏర్పాటు చేసి, అదే మాట పెద్ద పెద్ద అక్షరాలతో ఫ్లెక్సీ మీద వేయించేశారు. ఫ్లెక్సీలో త్రిమూర్తులుగారు రెండు చేతులూ జోడించి ఎన్నికల్లో నిలబడ్డ మనిషిలా నవ్వుతున్నారు.

సన్మానానికి ముందు షెడ్డు గోడకి సున్నం వేయిద్దామన్నారు కాంతమ్మగారు. ఆ గోడకి నలభై నాలుగేళ్లుగా సున్నం పడలేదు. అదే ఆయన లెక్కల పుస్తకం, కొలతల పుస్తకమూను. సైకిలు కావాలని వచ్చిన మనిషిని చెప్పులు విప్పించి గోడకి ఆనించి నిలబెట్టేవారు. పాదం నుంచి తొడ మొదలు వరకూ కొలిచి, అక్కడ ఎర్ర పెయింటుతో గీత గీసి పక్కన పేరు రాసేవారు. ఆ గీతని బట్టే ఫ్రేము ఎత్తు. ఎవరి కాలికి వారి సైకిలు.

శుక్రవారం పొద్దున్న సున్నం బకెట్టు తెచ్చి పెట్టారు గానీ, ఆ పేర్లన్నీ చదువుకుంటూ నిలబడిపోయారు త్రిమూర్తులుగారు. అప్పుడొచ్చాడు మాణిక్యం. సన్మానానికి వచ్చేవాళ్లకి కొబ్బరి బొండాలు తెచ్చాడు. అరవై దాటిన మనిషి, ముప్పయ్యేళ్ల పైనుంచి ఊరూరా కాయలమ్ముతున్నాడు. సైకిలు నడిపించుకుంటూ వచ్చి గోడవార నిలబెట్టాడు.

మాణిక్యం షెడ్డు ముందు ఏనాడూ సైకిలెక్కి ఎరగడు. మలుపు దగ్గరే దిగి నడిపించుకొస్తాడు, మలుపు దాకా నడిపించుకెళ్తాడు. "చూసేవా, పని చేసినవాడి మీద ఎంత గౌరవమో" అని త్రిమూర్తులుగారు భార్యకి ఎన్నిసార్లు చూపించారో లెక్కలేదు. కాంతమ్మగారు ఆ మాట వినగానే ఏదో పనుందని లోపలికి వెళ్లిపోయేవారు.

"రావయ్యా మాణిక్యం, నీ గీత దగ్గర నిలబడు. సున్నం వేసేలోగా ఒక ఫోటో తీయిద్దాం."

"ఇప్పుడెందుకులెండి, బొండాలు దింపాలండీ."

"దింపుదువుగాని. చెప్పులిప్పి నిలబడు."

మాణిక్యం కాసేపు నసిగాడు. గోడ దగ్గరికి వెళ్లి, గీతకి కాస్త ఎడంగా నిలబడ్డాడు. త్రిమూర్తులుగారు భుజం పట్టి సరిగ్గా గీత మీదికి జరిపారు. జరిపి, వెనక్కి వచ్చి చూసి, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశారు. తొడ మొదట ఉండాల్సిన గీత పొత్తికడుపు దగ్గరుంది. టేపు తెచ్చి కొలిచారు. మూడంగుళాల తేడా.

"కుంగిపోయావేంటయ్యా నువ్వు?"

"లేదండీ. అప్పుడూ ఇంతేనండీ."

పేరు పక్కన తొంభయ్యారు అని రాసి ఉంది. అది చూశాక ఆయనకి గుర్తొచ్చింది. ఆ ఏడు తుఫానుకి కొబ్బరిచెట్టు పడి మాణిక్యం పాత సైకిలు పప్పయిపోయింది. అతను కొలతలివ్వడానికి వచ్చిన రోజున షెడ్డులో ఇంకా చీలమండల్లోతు నీళ్లున్నాయి. తడవకుండా నిలబడమని తనే ఇటుక వేశారు. ఇటుక మీద నిలబెట్టి, ఇటుక సంగతి మర్చిపోయి, నేల నుంచి కొలిచేశారు.

"నీకు తెలుసా?"

"ఆయ్."

"ఎప్పట్నుంచి?"

"సైకిలు తీసుకెళ్లిన రోజునించండీ. సీటు కిందికంటా దింపేసినా కాళ్లు అందలేదండీ."

"మరి చెప్పలేదేం?"

మాణిక్యం తలగోక్కున్నాడు. "తుఫానులో మీ ఇంటి పైకప్పు ఎగిరిపోయిందండీ. మీరు అది కప్పుకోకుండా ముందు నాకు సైకిలు చేసిచ్చేరు. బాగుందా అనడిగేరు. బాగోలేదని ఎలా చెప్తామండీ?"

అప్పుడు ఒక్కొక్కటీ బయటికొచ్చింది. మాణిక్యం తూము గట్టో, ఎవరింటి అరుగో, మైలురాయో దొరికితే తప్ప సైకిలెక్కలేడు. షెడ్డు ముందు అలాంటివేమీ లేవు కనక నడిపించుకుపోతాడు. పెడల్ అందడానికి నడుము ఈ పక్కకీ ఆ పక్కకీ వాల్చి తొక్కుతాడు. ఆ ఊపు చూసి అతనికి హుషారెక్కువని ఊరంతా అనుకుంటోంది. ఇరవై ఎనిమిదేళ్ల గౌరవం కాస్తా కాళ్లందకపోవడం అని తేలేసరికి త్రిమూర్తులుగారు సున్నం బకెట్టు పక్కనే చతికిలబడ్డారు.

ఆ మధ్యాహ్నం ఆయన అన్నం ముందు కూర్చుని లేచిపోయారు. సిగ్గేసింది ఆయనకి. తప్పు చేసినందుకు కాదు, పని చేసే చేతికి తప్పులొస్తాయి. ఆ తప్పు మీద ఒక మనిషిని ఇన్నేళ్లు ఊరేగించి, పైగా దాన్ని గౌరవమని చెప్పుకు తిరిగినందుకు.

"నీకు తెలుసా?" అన్నారు భార్యతో.

"అంబాజీపేటంతా తెలుసు," అన్నారు కాంతమ్మగారు. నవ్వాపుకోవడానికి చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. "మిమ్మల్ని నొప్పించడం ఎందుకని ఎవరూ చెప్పలేదు."

"ఇంకా ఇలాంటివి ఎన్నున్నాయి?"

"నన్నడక్కండి," అని ఆవిడ లోపలికి వెళ్లిపోయారు. దాంతో ఆయనకి మిగిలిన కాస్త ధైర్యమూ జారిపోయింది.

శనివారం పొద్దున్నే మాణిక్యం ఇంటికెళ్లి సైకిలిమ్మన్నారు. సీటు గొట్టం మూడంగుళాలు కోసి, పై బారు దింపి మళ్లీ అతుకుతానన్నారు. మాణిక్యం కాఫీ ఇచ్చాడు, కుర్చీ వేశాడు, సైకిలు మాత్రం ఇవ్వలేదు.

"అలవాటైపోయిందండీ. ఇప్పుడు కిందికి దింపితే నాకే తోచదు."

"అబద్ధాలాడకు."

"నిజం చెప్పమంటే చెప్తానండీ. రేపు సన్మానం. ఫ్లెక్సీ కూడా కట్టేసేరు. ఇవాళ నా సైకిలు మీ షెడ్డులో కనపడితే, ఆ రాసిన మాట ఏమైపోతాదండీ? మీరు షెడ్డు మూసేశాక ఎవరికీ తెలీదు. నేను చెప్పను. మా ఇంట్లోవాళ్లూ చెప్పరు."

త్రిమూర్తులుగారు కాఫీ తాగి వచ్చేశారు. దారిలో ఆ ఫ్లెక్సీ కనబడింది. నోరు మూసుకుంటే ఆ మాట అలాగే నిలబడుతుంది. నలుగురూ చప్పట్లు కొడతారు, శాలువా కప్పుతారు, తర్వాత చచ్చేదాకా అదే చెప్పుకోవచ్చు. నిజం చెప్పాలంటే ఆయనకి ఆశ పుట్టింది కూడాను. కాలవ గట్టున కాసేపు కూర్చుని ఆ ఆశతో కుస్తీపట్టారు.

ఆదివారం జనం బాగానే వచ్చారు. సుబ్బరాజుగారు మైకు పట్టుకుని, ఫ్లెక్సీ మీద మాట చదివి, నలభై నాలుగేళ్ల గురించి నలభై నిమిషాలు చెప్పారు. శాలువా విప్పుతుండగా త్రిమూర్తులుగారు ఆయన చెయ్యి పట్టుకుని ఆపారు.

"ఒక్క నిమిషం రాజుగారూ. మాణిక్యం, ఇలా రా. సైకిలుతో రా."

మాణిక్యం సైకిలు నడిపించుకుంటూ వచ్చాడు.

"ఈ సైకిలు ఎలా ఉందో అందరికీ చెప్పు."

"బంగారంలాంటి సైకిలండీ. ఎంత బరువైనా మోస్తాది. ఇరవై ఎనిమిదేళ్లకీ ఒక్క అతుకు వదల్లేదండీ."

"అది కాదు. ఇంకోటి చెప్పు."

"రంగు కూడా ఆట్టే పోలేదండీ."

"మాణిక్యం. నేను ఇవాళ షెడ్డు మూసేసి ఇంటికెళ్లి పడుకోవాలి. నువ్వు చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. నా కోసం చెప్పు."

మాణిక్యం సుబ్బరాజుగారి వంక చూశాడు, ఫ్లెక్సీ వంక చూశాడు, చివరికి నేల వంక చూసి చెప్పాడు.

"కొంచెం... కాస్త... ఎత్తండీ."

"ఎంత?"

"మూడంగుళాలండీ."

త్రిమూర్తులుగారు ముందు నవ్వారు. దాంతో అందరూ ఇన్నేళ్లుగా లోపల దాచుకున్న నవ్వు నవ్వేశారు. ఆయన సైకిలు హ్యాండిల్ పట్టుకుని, "తిరిగొచ్చిందండీ. దీన్ని సరిచేశాకే మూసేది," అన్నారు.

ఆ నవ్వు ఇంకా అణగకముందే వెనక వరసలోంచి రిటైరైన టీచరు భవానీదేవిగారు చెయ్యెత్తారు. "అయితే నాది కూడా చెప్పొచ్చాండీ? హ్యాండిల్ ఎడమపక్కకి లాగుతోంది. పదిహేనేళ్లయింది."

ఇంకేముంది. సోమవారం పొద్దున్న షెడ్డు తలుపు తీసేసరికి బయట తొమ్మిది సైకిళ్లున్నాయి. ఒకదానికి క్యారియరు వంకర, ఒకదానికి చైను మీద చీర పడుతుంది, చేపలమ్మే సుబ్బమ్మ సైకిలుకి స్టాండు వేస్తే అది తనంతట తనే ఒరిగిపోతుంది. "మొదట్నించీ ఇంతేనండీ" అని అందరిదీ ఒకటే మాట. షెడ్డు మూసేద్దామని పంపేసిన, అతుకులేసే గ్యాసు సిలిండర్లు మళ్లీ తెప్పించారు. కాంతమ్మగారు నల్లద్దాల కళ్లజోడు తెచ్చి చేతిలో పెట్టి, ఇది తీస్తే సిలిండర్లతో పాటు మిమ్మల్నీ పంపించేస్తానన్నారు.

పదిహేడు రోజులు పట్టింది. అన్నిటికన్నా ముందొచ్చిన మాణిక్యం సైకిలే ఆఖరైంది. ఎప్పుడు చేతిలోకి తీసుకున్నా, "ముందు వాళ్లవి చూడండి, నాకేం తొందరండీ" అని అతనే పక్కకి జరిపేవాడు.

చివరి రోజు సాయంత్రం మాణిక్యం షెడ్డు ముందే, ఏ అరుగూ లేకుండా, కాలు తిప్పి సైకిలెక్కాడు. రెండు పాదాలూ నేలకానాయి. పది గజాలు తొక్కి, పాత అలవాటున నడుము ఊపబోయి దబ్బున పడ్డాడు. లేచి దులుపుకుని, మళ్లీ ఎక్కి, మార్కెట్టు దాకా వెళ్లి తిన్నగా తొక్కుకుంటూ తిరిగొచ్చాడు.

"ఎలా ఉంది?" అన్నారు త్రిమూర్తులుగారు.

"బాగుందండీ."

త్రిమూర్తులుగారు కళ్లజోడు పైకెత్తి అనుమానంగా చూశారు. ఈ ఊళ్లో ఆ మాటని ఇక ఎన్నటికీ నమ్మేలా లేరాయన. మాణిక్యం సీటు మీద అటూ ఇటూ సర్దుకుని కూర్చున్నాడు. తర్వాత, ఎవరూ బతిమాలకుండానే, తనంతట తనే నోరు విప్పాడు.

"సీటు కొంచెం గట్టిగా ఉందండీ."

త్రిమూర్తులుగారికి కడుపు నిండిపోయింది. కళ్లు తుడుచుకుని, స్పానర్ అందుకుని, సీటు ముందు గొంతుక్కూర్చున్నారు.